పేదల పథకానికి నిధులు పెంచమని ఎంపీని, ఎమ్మెల్యేని అడగడం ఎలా?

"అర్జీ ఇచ్చి ఏడాదైందండీ, ఉలుకూ పలుకూ లేదు." రాజోలు వైపు నుంచి, ఆచంట వైపు నుంచి, తాడేపల్లిగూడెం నుంచి ఇదే మాట. ఏం అర్జీ ఇచ్చారో చూపించమంటే నాలుగు పేజీలు తీస్తారు. అందులో డ్రెయిను పూడిక ఉంటుంది, శ్మశానం దారి ఉంటుంది, పింఛన్లు ఉంటాయి, బడి ప్రహరీ ఉంటుంది. చివర్లో "పేదలకు న్యాయం చేయవలసిందిగా ప్రార్థన".

నవ్వడానికి చెప్పట్లేదు. నేను మొదటిసారి రాసింది ఇంతకన్నా ఘోరం. పదకొండు డిమాండ్లు. ఒక పెళ్లి రిసెప్షన్‌లో ఒక ప్రజాప్రతినిధి చేతికి ఇచ్చాను. ఆయన పక్కనున్న కుర్రాడికి ఇచ్చారు. ఆ కుర్రాడు దాన్ని శుభలేఖల కట్టలో దూర్చాడు. దాన్ని నేను చూడటం అదే ఆఖరు.

ఆ తర్వాత దెబ్బలు తిని నేర్చుకున్నదే ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఇది తేల్చుకోండి

మీ అత్తగారికి పింఛను ఆగిపోతే అది ఫిర్యాదు. సచివాలయంలో అడగండి. తేలకపోతే సోమవారం కలెక్టరేట్‌లో ఫిర్యాదులు తీసుకునే పీజీఆర్ఎస్‌కి వెళ్లండి, లేదా 1100కి ఫోన్ చేయండి. దానికి ఎంపీ అక్కర్లేదు.

పింఛనులో కేంద్రం వాటా పెరగాలి అంటే అది ఫిర్యాదు కాదు, బడ్జెట్ విషయం. మన ఆంధ్రప్రదేశ్‌లో వృద్ధులకు 2024 నుంచి నెలకు 4000 అందుతోంది. కేంద్రం పథకం కిందకి వచ్చే 60–79 ఏళ్ల వారి విషయంలో అందులో ఢిల్లీ వాటా 200 రూపాయలు. 2006లో 75 నుంచి 200 చేశారు, ఇప్పటికీ అదే 200. దీన్ని కలెక్టర్ పెంచలేరు. సోమవారం అర్జీ పెడితే "మా పరిధిలో లేదు" అని మూసేస్తారు, అది వాళ్ల తప్పు కాదు.

ఈ వ్యాసం రెండో రకం పని గురించి.

కావలసినవి

- ఒక పథకం, ఆ పథకంలో ఒక అంకె
- ముగ్గురు నుంచి ఐదుగురు మనుషులు. ఒక్కరే వెళ్తే సొంత పని అనుకుంటారు, ముప్పై మంది వెళ్తే ధర్నా అనుకుంటారు
- ఏ4 కాగితం మీద టైపు చేసిన ఒక్క పేజీ ఉత్తరం, రెండు కాపీలు. ఫోన్‌లో దాని పీడీఎఫ్
- ఒక నోటు పుస్తకం. ఎప్పుడు, ఎవరిని కలిశారు, ఏమన్నారు అన్నది రాసుకోవడానికి
- ఓపిక. తక్కువలో తక్కువ ఒక బడ్జెట్ నుంచి ఇంకో బడ్జెట్ దాకా

లెటర్‌హెడ్, రబ్బరు స్టాంపు, సంఘం రిజిస్ట్రేషన్ ఇవేవీ తప్పనిసరి కాదు. మీ ఓటరు కార్డు మీద ఉన్న చిరునామా చాలు.

1. డబ్బు ఎవరి చేతిలో ఉందో చూడండి

కేంద్రం డబ్బు పెరగాలంటే ఎంపీ. రాష్ట్రం డబ్బు పెరగాలంటే ఎమ్మెల్యే, ఎమ్మెల్సీ. చాలా పథకాల్లో ఇద్దరి వాటా ఉంటుంది. అప్పుడు రెండు ఉత్తరాలు రాయాలి, ఒక్కోదాంట్లో ఒక్కో అడుగు.

మన గోదావరి డెల్టాలో అమలాపురం, రాజమండ్రి, కాకినాడ, నరసాపురం, ఏలూరు లోక్‌సభ స్థానాలు ఉన్నాయి. జిల్లాలు 2022లో మారాయి గానీ నియోజకవర్గాలు మారలేదు. జిల్లా పేరు చూసి ఎంపీని ఊహించుకోకండి. యానాం వాళ్లయితే చుట్టూ ఉన్నది గోదావరి జిల్లాలే అయినా మీ ఎంపీ పుదుచ్చేరి ఎంపీ. ఇంకో చిన్న సంగతి: చిరునామాలో వట్టి "గన్నవరం" అని రాయకండి, పి. గన్నవరం అని రాయండి. లేకపోతే మీ ఉత్తరం విమానం ఎక్కడానికి కృష్ణా జిల్లా వెళ్తుంది.

రాజ్యసభలో రాష్ట్రానికి 11 మంది ఉన్నారు. వాళ్లనీ అడగొచ్చు. బడికి సంబంధించిన విషయమైతే ఉభయ గోదావరి జిల్లాల ఉపాధ్యాయ ఎమ్మెల్సీని మర్చిపోవద్దు.

2. ఒక్క విషయమే ఎంచుకోండి

ఇక్కడే అందరూ జారిపోతారు. "ఇంతదూరం వెళ్లి ఒక్కటే అడగాలా?" అంటారు. ఒక్కటే అడగాలి. పది అడిగితే అందులో తేలికైనది ఒకటి, ఏ బోరింగు పంపో చేసిపెట్టి మిగతా తొమ్మిదికీ చెల్లు చీటీ రాసేస్తారు.

ఉదాహరణకి బడిలో మధ్యాహ్న భోజనం వండే ఆడవాళ్ల గౌరవ వేతనం తీసుకుందాం. ఇది మన ప్రాంతానికి దగ్గరి విషయం కూడా. లంకల గన్నవరంలో వేళ కాని వేళ వచ్చినవాళ్లకి కూడా అన్నం పెట్టిన డొక్కా సీతమ్మ గారి పేరే ఇప్పుడు రాష్ట్రంలో ఆ పథకానికి ఉంది. పేరు పెట్టారు, బాగుంది. వండే మనిషికి ఏమిస్తున్నారో చూడండి. ఈ పథకానికి కేంద్రం పెట్టిన పేరు పీఎం పోషణ్. కేంద్రం లెక్క ప్రకారం వంట సహాయకురాలికి నెలకు 1000 రూపాయలు, అదీ ఏడాదిలో పది నెలలకే. అందులో ఢిల్లీ వాటా 600, రాష్ట్రం వాటా 400. ఈ 1000 అన్న అంకె 2009 నాటిది. మన రాష్ట్రం 2019లో సొంత డబ్బు కలిపి 3000 చేసింది.

కాబట్టి అడగాల్సింది "వంటవాళ్లని ఆదుకోండి" అని కాదు. "2009 నుంచి ఉన్న 1000 రూపాయల కేంద్ర ప్రమాణాన్ని పెంచండి" అని. తేడా గమనించండి. మొదటిదానికి "తప్పకుండా" అనేసి ఊరుకోవచ్చు. రెండోదానికి పెరిగిందా లేదా అన్నది ఏడాది చివర తేలిపోతుంది.

3. చోటుకి వెళ్లి చూసి రండి

ఫోన్‌లో చదివింది రాయకండి. ఒక పూట బళ్లో కూర్చోండి, ముందుగా హెడ్‌మాస్టరుకి చెప్పి.

మా ఊరి బళ్లో వండే అక్క తొమ్మిదిన్నరకల్లా వస్తుంది. గుడ్లు బకెట్ నీళ్లలో వేస్తుంది, తేలినవి తీసి పక్కన పెడుతుంది. పప్పు పొయ్యి మీద పడ్డాక పొడుగాటి పద్దుల పుస్తకం తీసింది. కిరాణా కొట్టు అరువు అంతా అందులోనే: కందిపప్పు, నూనె, చింతపండు, ఎండుమిర్చి. ఒకటి నుంచి ఐదో తరగతి పిల్లలకి కూరగాయలు, పప్పు, నూనె, పోపు సామాను, గ్యాసు అన్నీ కలిపి కేంద్రం లెక్క 2025 మే నుంచి పిల్లాడికి రోజుకి 6 రూపాయల 78 పైసలు. బిల్లు వచ్చేదాకా ఆ అరువు ఆమె పేరునే ఉంటుంది. "మరి మీ జీతం?" అన్నాను. గరిటె అంచున పప్పు మెతుకు చూసుకుంటూ, "ముందు కొట్టాయన పద్దు తీరాలి కదండీ" అంది.

ఆ ఒక్క మాట మేము ఉత్తరంలో పెట్టాం. పీఏ ఆ లైను దగ్గర ఆగి రెండోసారి చదివాడు.

జాగ్రత్త: ఆమె పేరు, బడి పేరు రాసే ముందు ఆమెని అడగండి. వద్దంటే "మా మండలంలో ఒక బడి" అని రాయండి. పైవాళ్లని అడిగినందుకు కిందివాళ్లు ఆమెని ఇబ్బంది పెట్టే వీలుంది. ఫొటో అసలు వద్దు.

4. ఒక్క పేజీ ఉత్తరం

మేము వాడిన నమూనా ఇది. పథకం మార్చి మీరూ వాడుకోండి.

"గౌరవనీయులైన పార్లమెంటు సభ్యులు గారికి,

మేము మీ నియోజకవర్గంలోని ఫలానా గ్రామ ఓటర్లం. మేము అడిగేది ఒక్కటే: పీఎం పోషణ్ పథకంలో వంట సహాయకులకు ఇచ్చే గౌరవ వేతనం కేంద్ర ప్రమాణాన్ని రాబోయే బడ్జెట్‌లో పెంచేలా మీరు కేంద్ర విద్యా మంత్రికి ఉత్తరం రాయాలి, పార్లమెంటులో ప్రశ్న వేయాలి.

ఈ వేతనం 2009 నుంచి నెలకు 1000 రూపాయలే. పది నెలలకే ఇస్తారు. కేంద్రం వాటా 600.

మా మండలంలో వంట చేసే ఒకామె జీతం రాగానే ముందు బడి కోసం చేసిన కిరాణా అరువు తీరుస్తున్నారు.

మీరు రాసిన ఉత్తరం కాపీ మాకు ఇప్పించగలరు. మేము ఫలానా తేదీన మళ్లీ మీ కార్యాలయానికి వస్తాం."

కింద పేర్లు, ఊరు, ఫోన్ నంబర్లు, సంతకాలు. అంతే. "మీ అపారమైన సేవలు" లాంటి పొగడ్త వద్దు, "మీరు పట్టించుకోకపోతే" లాంటి బెదిరింపూ వద్దు. ఆఖరి రెండు వాక్యాలు మాత్రం తీసేయకండి, ఉత్తరానికి ప్రాణం వాటిలోనే ఉంది.

డ్వాక్రా గ్రామ సంఘం సమావేశంలో చదివి సంతకాలు తీసుకుంటే బలం. గ్రామసభలో తీర్మానం చేయించి దాని నకలు జత చేస్తే ఇంకా బలం. సర్పంచ్ గారు వెనకాడితే పట్టుబట్టకండి, సంతకాలతో పని నడుస్తుంది.

5. ప్రశ్న కూడా రాసిచ్చేయండి

ఇది చాలామందికి తెలియదు. ఎంపీ గారి ఆఫీసులో ప్రశ్నలు తయారుచేసేవాళ్లకి ఎప్పుడూ టైం చాలదు. మీరు చక్కగా రాసిస్తే వాడుకుంటారు. ఇలా:

"విద్యా మంత్రి తెలియజేయగలరా: (ఎ) పీఎం పోషణ్ వంట సహాయకుల గౌరవ వేతనాన్ని చివరిసారి ఏ సంవత్సరంలో సవరించారు, (బి) దాన్ని పెంచే ప్రతిపాదన ఉందా, (సి) ఉంటే వివరాలు, లేకపోతే కారణాలు, (డి) ఆంధ్రప్రదేశ్‌కు గత మూడేళ్లలో ఈ పద్దు కింద ఎంత విడుదల చేశారు?"

లోక్‌సభ ప్రశ్న 150 మాటలు దాటకూడదు. అభిప్రాయాలు, వాదనలు ఉండకూడదు. కనీసం 15 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ఆ తర్వాత లాటరీ, అందులో పడకపోవచ్చు. నక్షత్రం గుర్తు ప్రశ్నకి సభలో మౌఖిక జవాబు, గుర్తు లేనిదానికి రాతపూర్వక జవాబు. టీవీలో కనిపించేది మొదటిది. మనకి కావలసిన అంకెలు రెండోదాంట్లోనే వస్తాయి, నన్నడిగితే దాన్నే అడగండి. ప్రశ్న లాటరీలో పడకపోతే, సభ్యులు ఇలాంటి విషయాలు సభలో ఎత్తడానికి ఉన్న జీరో అవర్‌లోనో, 377 నిబంధన కిందో ప్రస్తావించమని కోరండి.

ప్రశ్న ఇంగ్లిషులో కూడా టైపు చేసి ఇస్తే పీఏకి పని తగ్గుతుంది. ఊళ్లో ఇంగ్లిషు మాస్టారు అరగంటలో చేసిపెడతారు.

6. ఎప్పుడు వెళ్లాలి

కేంద్ర బడ్జెట్ ఫిబ్రవరి 1న పెడతారు. జనవరిలో వెళ్తే వడ్డించాక ఉప్పు వేయమన్నట్టే. శాఖల లెక్కలు అక్టోబరు, నవంబరుల్లోనే కూర్చుకుంటాయి. కాబట్టి ఎంపీకి ఉత్తరం సెప్టెంబరులో. ప్రశ్న కాగితం శీతాకాల సమావేశాలకి నెల ముందు. రాష్ట్ర బడ్జెట్ మామూలుగా ఫిబ్రవరి, మార్చిలో వస్తుంది కాబట్టి ఎమ్మెల్యేకి డిసెంబరు లోపు.

జూలై, ఆగస్టుల్లో ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం చూసుకుని కదలండి. 10 లక్షల క్యూసెక్కులు దాటి మొదటి ప్రమాద హెచ్చరిక పెట్టిన వారంలో లంకల్లో పడవలు తిప్పాలి, ఆ వారం బడ్జెట్ మాట ఎత్తకూడదు కూడా. సార్వా కోతల్లో మనవాళ్లకే తీరిక ఉండదు. ఇక సంక్రాంతికి ఎంపీలు, ఎమ్మెల్యేలు అందరూ ఊళ్లోనే ఉంటారు నిజమే. కోడిపందేల బరి పక్కన నిలబడి మాత్రం అర్జీ ఇవ్వకండి, ఆ మూడు రోజులూ ఎవరికీ ఏదీ గుర్తుండదు.

ఎన్నికల కోడ్ ఉన్నప్పుడు వెళ్లి లాభం లేదు.

బడ్జెట్ వచ్చాక పని అయిపోయిందనుకోకండి. ఫిబ్రవరి, మార్చి మధ్య పార్లమెంటు విరామంలో ఎంపీలతో ఏర్పడిన స్థాయీ సంఘాలు ఒక్కో శాఖ పద్దుని పరిశీలిస్తాయి. బడి భోజనం విద్య, మహిళలు, పిల్లల వ్యవహారాలు చూసే సంఘం దగ్గరికి వస్తుంది. మీ ఎంపీ అందులో లేకపోతే, ఉన్న ఎంపీ ఎవరో చూసి వాళ్లకీ ఒక కాపీ పంపండి.

7. కలిసినప్పుడు

ముందుగా పీఏకి ఫోన్ చేసి టైం తీసుకోండి. పీఏని చులకన చేయకండి. మీ కాగితం ఫైల్లోకి వెళ్లేదీ, చెత్తబుట్టలోకి వెళ్లేదీ ఆయన చేతి మీదే.

మీకు దొరికేది ఐదు నిమిషాలు. ఒకరు విషయం చెప్పాలి, ఒకరు చూసొచ్చింది చెప్పాలి, ఒకరు అడగాలి, ఒకరు రాసుకోవాలి. వీలైతే వంట చేసే ఒకామెని వెంట తీసుకెళ్లండి, ఆమె ఇష్టపడితేనే. మా బృందంలో ఒకాయన దారి పొడుగునా రిహార్సల్ వేసి, తీరా లోపలికి వెళ్లాక వాళ్ల కాలవ లాకు సంగతి ఎత్తాడు. నాలుగు నిమిషాలు లాకుకే పోయాయి. అందుకే ఎవరేం మాట్లాడాలో కాగితం మీద రాసుకోండి.

చివర్లో సూటిగా: "విద్యా మంత్రి గారికి ఉత్తరం రాస్తారాండీ?" అని అడిగి ఆగండి. ఆ మౌనం కష్టంగా ఉంటుంది, నింపకండి. "ఆయ్, చూద్దామండి" అంటారు. గోదావరి జిల్లాల్లో ఆ మాటకి అవుననీ అర్థం ఉంది, కాదనీ ఉంది. కాబట్టి వెంటనే "ఉత్తరం కాపీకి ఎప్పుడు రమ్మంటారండీ?" అని తేదీ పట్టుకోండి. రెండో కాపీ మీద ఆఫీసు ముద్ర, తేదీ వేయించుకుని బయటికి రండి.

కలవడం కుదరకపోతే స్పీడ్ పోస్టులో పంపి, వారం తర్వాత ఫోన్ చేయండి. వాట్సాప్ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. పొద్దున్నే వచ్చే శుభోదయాల కింద అది కూరుకుపోతుంది.

8. మళ్లీ వెళ్లండి

రెండు మూడు వారాలకి ఒకసారి. కోపంగా కాదు, ఒక కొత్త ముక్క పట్టుకుని. ఇంకో ఊరి సంతకాలు, ఒక పేపర్ క్లిప్పింగు, ఏదో ఒకటి. ఉత్తరం రాస్తే వెళ్లి థాంక్స్ చెప్పండి, స్థానిక విలేకరికి కూడా చెప్పండి. పని చేసినా ఎవరూ గుర్తించరన్న బాధ వాళ్లకీ ఉంటుంది.

ఎక్కువగా చేసే తప్పులు

ఎంపీ నిధుల్లోంచి ఇమ్మనడం అన్నిటికన్నా పెద్దది. ఎంపీలాడ్స్ కింద ఏడాదికి 5 కోట్లు ఉంటాయి గానీ, అవి భవనాలు, రోడ్లు, నీటి ట్యాంకుల్లాంటి ఆస్తులకే. జీతాలకి, పింఛన్లకి వాడటానికి లేదు. మీరు అది అడిగితే ఆయన వంటగది షెడ్డు ఇస్తారు. షెడ్డు మంచిదే, కానీ మీరు అడగడానికి వెళ్లింది అది కాదు.

రెండోది, పార్టీ కండువా. మీ రాజకీయాలు మీవి, ఆ ఐదు నిమిషాలు మాత్రం ఇంట్లో పెట్టి రండి.

మూడోది అంకె తప్పు రాయడం. ఒక్క అంకె తప్పయితే అధికారి దాన్నే పట్టుకుంటాడు, మిగతా ఉత్తరమంతా గాలికి పోతుంది. ఇద్దరు చదివి సరిచూడండి.

పని జరిగిందో లేదో చూడటం

పార్లమెంటు వెబ్‌సైట్ సన్సద్ డాట్ ఇన్‌లో ఎంపీ పేరు కొట్టి, విద్యాశాఖ ఎంచుకుంటే అడిగిన ప్రశ్నలు, జవాబులు కనిపిస్తాయి. "అడిగాను" అన్న మాట నిజమో కాదో రెండు నిమిషాల్లో తేలుతుంది.

బడ్జెట్ కాగితాలు కేంద్రం సైట్‌లోనే ఉంటాయి. పథకం పేరు పక్కన రెండు అంకెలు చూడాలి: మొదట పెట్టిన బడ్జెట్ అంచనా, తర్వాత మార్చిన సవరించిన అంచనా. మొదటిది చూసి మిఠాయి పంచకండి. పీఎం పోషణ్‌కి 2024–25లో అంచనా 12,467 కోట్లు, సవరించిన అంచనాకి వచ్చేసరికి 10,000 కోట్లు. పేపర్లో హెడ్డింగు మొదటిదానికే వస్తుంది.

రాష్ట్రంలో డబ్బు ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది అన్నది సమాచార హక్కు కింద అడగండి. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి ఆఫీసులో ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10. జవాబుకి 30 రోజులు.

అమెరికాలో ఉన్న మనవాళ్లు అడుగుతున్న ప్రశ్న

"ఇదే పద్ధతి ఇక్కడ పనికొస్తుందా?" అని అడుగుతున్నారు. డెల్టాలో వీధికొకరు అక్కడ ఉన్నారు కాబట్టి రెండు ముక్కలు. అక్కడ పౌరసత్వం తీసుకుని ఓటున్నవాళ్లు, పేద దేశాలకి వెళ్లే టీకాలు, క్షయ నివారణ లాంటి సాయం గురించి తమ ప్రతినిధుల సభ సభ్యుడికి, ఇద్దరు సెనేటర్లకి ఇదే పద్ధతిలో రాయొచ్చు. అక్కడ ఆర్థిక సంవత్సరం అక్టోబరు 1న మొదలవుతుంది, కేటాయింపుల కోసం విన్నపాలు వసంతకాలంలోనే తీసుకుంటారు. విదేశీ సాయం వాళ్ల బడ్జెట్‌లో సుమారు ఒక శాతమే. సగం డబ్బు బయటికే పోతోందనే వాదన వినిపిస్తే ఈ అంకె చెప్పండి. ఆ సాయం పంచే యూఎస్ ఎయిడ్ సంస్థ 2025 జూలై 1తో విదేశాంగ శాఖలో కలిసిపోయింది, పాత నమూనా ఉత్తరాల్లో ఆ పేరుంటే మార్చుకోండి. అమలాపురంలో కూర్చుని అక్కడి సెనేటర్‌కి మీరు రాయడం దండగ, వాళ్లు తమ ఓటర్లనే లెక్కపెడతారు. మన దేశం కూడా ఇతరులకి సాయం చేస్తుంది. 2025–26 బడ్జెట్‌లో భూటాన్‌కే 2,150 కోట్లు పెట్టారు. దాని గురించి మాట్లాడాలంటే మళ్లీ మన ఎంపీయే.

"ప్రతిపాదన లేదు" అని జవాబొస్తే

చాలాసార్లు వచ్చేది ఇదే. ప్రశ్న వేయించడానికి ఆరు నెలలు తిరిగితే, "ప్రస్తుతం అటువంటి ప్రతిపాదన ఏదీ లేదు" అని ఒక్క ముక్క. మా వాళ్లు ఆ రోజు నీరసపడిపోయారు. నాకు మాత్రం అది పనికొచ్చే కాగితంలాగే కనిపించింది. అంతకుముందు "పరిశీలనలో ఉంది" అన్నవాళ్లందరికీ అది చూపించొచ్చు. ఆ జవాబుని ప్రింటు తీసి, ప్రశ్న నంబరు, తేదీ కింద గీత గీసి, పాత ఉత్తరంలో మొదటి పేరా ఇలా మార్చండి: "ఫలానా తేదీన మీ ప్రశ్నకు మంత్రి గారు ప్రతిపాదన లేదని జవాబిచ్చారు. దయచేసి ఆ ప్రతిపాదన మీరే పెట్టండి." మిగతా ఉత్తరం అలాగే ఉంచి, సెప్టెంబరులో మళ్లీ పీఏకి ఫోన్ చేయండి.